‘తాతా, నువ్వు అక్కడ ఉన్నావా?’

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది హోసూరు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా నాన్న తమిళనాడు పోలీసులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయ్యారు. ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. గంధపుచెక్కల స్మగ్లర్ వీరప్పన్‌ను పట్టుకోవడానికి పెట్టిన ప్రత్యేక పోలీసు దళం ఎస్‌టీఎఫ్‌లో రెండు విడతలు పనిచేశారు. 1993లో వెళ్లి రెండేళ్లు ఉన్నారు, మళ్లీ 2002 నుంచి చివరిదాకా ఉన్నారు. మేముంటున్న ఇల్లు కూడా వీరప్పన్ చనిపోయాక ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో కట్టుకున్నదే. మా అమ్మాయి బెంగళూరులో లా చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు టీవీలో వీరప్పన్ మీద ఏదో కార్యక్రమం వస్తుంటే, అందరం అన్నం తింటుండగా ‘తాతా, ఊళ్లవాళ్లకు కరెంటు షాకులు పెట్టిన ఆ వర్క్‌షాప్‌లో నువ్వూ ఉన్నావా? వాచాత్తిలో ఆడవాళ్లను పాడుచేసింది మీవాళ్లే కదా?’ అని అడిగేసింది. నాన్న చెయ్యి కడుక్కుని లేచిపోయారు. అప్పటి నుంచి దానితో మాట్లాడటం లేదు. అది కూడా ‘ఆ ఇంట్లో నేను పడుకోను’ అని హాస్టల్‌కు వెళ్లిపోయింది. నాన్నకు రాత్రిళ్లు నిద్ర ఉండదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఉలిక్కిపడి లేచి వరండాలో కూర్చుంటారు. నాకు ఒకటే టెన్షన్. పాప తప్పు చేసిందా? నాన్నను నేను అడగాలా? ఎవరు ఎవరికి సారీ చెప్పాలి? 2019లో హైదరాబాద్ ఎన్‌కౌంటర్ జరిగిన రోజు నేనూ సంతోషించాను. ఇప్పుడు దేన్ని సమర్థించాలో, దేన్ని తప్పు అనాలో కూడా అర్థం కావడం లేదు.
(పేరు వద్దన్న పాఠకురాలు)

సమాధానం: నమస్తే అమ్మా. మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ మీ నాన్నగారు వరండాలో కూర్చున్న దృశ్యం నా కళ్ల ముందే ఉంది. మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు చెబుతాను. దానికంటే ముందు, అప్పుడు అడవిలో పోలీసులు చేసినదాన్ని నేను ఎలా చూస్తానో దాపరికం లేకుండా చెప్పాలి. అది చెప్పకుండా సలహా ఇస్తే మిమ్మల్ని మోసం చేసినట్టే.

వీరప్పన్ ఎంత క్రూరుడో ఈ తరం పిల్లలకు సరిగ్గా తెలియదు. మీసాల ఫొటో చూసి అడవి వీరుడు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు. 1992 మేలో రామపుర పోలీస్ స్టేషన్ మీద పడి ఐదుగురు పోలీసులను చంపింది అతని ముఠాయే. అదే ఏడాది ఆగస్టు 14న మైసూరు ఎస్పీ హరికృష్ణను, ఎస్సై షకీల్ అహ్మద్‌ను ఉచ్చులోకి రప్పించి కాల్చేశారు. 1993 ఏప్రిల్ 9న పాలారు దగ్గర మందుపాతరలు పేలి 22 మంది చనిపోయారు. వాళ్లలో పోలీసులు, అటవీ సిబ్బందితోపాటు దారి చూపించడానికి వెళ్లిన మామూలు మనుషులూ ఉన్నారు. మీ నాన్న మొదటిసారి ఎస్‌టీఎఫ్‌లోకి వెళ్లింది ఆ సంవత్సరమే. ఏ క్షణంలో కాలి కింద ఏం పేలుతుందోనని నడిచిన మనిషి ఆయన. రాత్రిళ్లు ఉలిక్కిపడటానికి అదొక్కటే చాలు. పాప ఈ సంగతి తెలుసుకుని మాట్లాడిందో లేదో నాకు అనుమానమే.

ఇప్పుడు రెండో సంగతి. పాప అడిగినది కట్టుకథ కాదు. కర్ణాటకలోని మలె మహదేశ్వర కొండమీద ‘వర్క్‌షాప్’ అని పేరు పడిన క్యాంపు ఉండేదని, అక్కడ ఊళ్లవాళ్లను బంధించి చిత్రహింసలు పెట్టారని ఎందరో సాక్ష్యం చెప్పారు. జాతీయ మానవ హక్కుల సంఘం 1999లో జస్టిస్ సదాశివ అధ్యక్షతన విచారణకు ఒక ప్యానెల్ వేసింది. అందులో రెండో సభ్యుడు సి.వి. నరసింహన్. ఆయన సీబీఐ డైరెక్టర్‌గా చేసినవారు, అంటే పోలీసు అధికారే. పోలీసులంటే గిట్టనివాళ్లు రాసిన నివేదిక అని ఎవరూ కొట్టిపారేయలేరు. బాధితులు కొండల నుంచి దిగివచ్చి ఆ ప్యానెల్ ముందు నిలబడి చెప్పారు. అక్రమంగా నిర్బంధించడం, కరెంటు షాకులు, ఆడవాళ్లపై అత్యాచారాలు, అనుమానాస్పదమైన ఎన్‌కౌంటర్ మరణాలు, ఇవన్నీ అక్కడ నమోదయ్యాయి. చివరికి 2007 జనవరిలో 89 మంది బాధితులకు మొత్తం రూ. 2.80 కోట్ల పరిహారం ఇవ్వాలని మానవ హక్కుల సంఘం చెప్పింది. వీరప్పన్ చనిపోయి అప్పటికి రెండేళ్లు దాటింది.

ఇక టాడా కేసు, అంటే అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద పెట్టిన కేసు. వందమందికి పైగా మనుషులను మైసూరు జైల్లో పెట్టారు, వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. బియ్యం ఇచ్చారని, కబురు మోశారని, ముఠాలో ఉన్నారని ఆరోపణలు. 2001లో తీర్పు వచ్చేసరికి వాళ్లలో అత్యధికులు నిర్దోషులని తేలింది. మధ్యలో గడిచిపోయిన ఏడెనిమిదేళ్లను వాళ్లకు ఎవరు తిరిగి ఇస్తారు? రాత్రి వీరప్పన్ మనుషులు వచ్చి తుపాకీ చూపించి అన్నం పెట్టమంటారు. పెట్టకపోతే చంపుతారు. పెడితే తెల్లారి పోలీసులు వచ్చి లాక్కుపోతారు. అడకత్తెరలో పోకచెక్క అని మనం చిన్న చిన్న కష్టాలకు వాడేస్తుంటాం. ఆ మాటకు అసలైన అర్థం ఆ కొండల్లోని సోలిగ గిరిజనులు, లింగాయతులు, తమిళ రైతు కుటుంబాలు బతికిన బతుకు.

ఒక చోట మాత్రం పాప పొరపాటు పడింది, అది సరిదిద్దాలి. వాచాత్తి వేరు, ఎస్‌టీఎఫ్ వేరు. వాచాత్తి ధర్మపురి జిల్లాలో గిరిజనుల ఊరు. 1992 జూన్ 20న చందనం దుంగలు దాచారన్న అనుమానంతో అటవీ, పోలీసు, రెవెన్యూ శాఖల వాళ్లు అక్కడ దాడి చేశారు. ఊరంతా ధ్వంసం చేశారు, 18 మంది ఆడవాళ్లపై అత్యాచారం జరిగింది. 269 మంది మీద కేసు నడిచింది. వాళ్లలో అటవీ శాఖ వాళ్లే ఎక్కువ. 2011లో ధర్మపురి కోర్టు తీర్పు ఇచ్చేనాటికి 54 మంది చనిపోయారు, మిగిలిన 215 మందికీ శిక్ష పడింది. 2023 సెప్టెంబర్ 29న మద్రాస్ హైకోర్టు ఆ శిక్షలను ఖరారు చేసి, అత్యాచార బాధితులకు రూ. 10 లక్షల చొప్పున ఇవ్వమంది. వీరప్పన్ పేరుతో ఆ అడవుల్లో నడిచిన దౌర్జన్యం అంతా ఒకటే అని జనం కలిపి మాట్లాడుకుంటారు, అర్థం చేసుకోగలను. కానీ లా చదివే అమ్మాయి అలా కలపకూడదు. ‘మీవాళ్లే కదా’ అన్న ఆ ఒక్క మాటతో మీ నాన్నను ఆయన ఎక్కని కేసులోకి ఎక్కించింది. ఆయన లేచిపోవడానికి కారణం అదే కావచ్చు. లేదా మొదటి ప్రశ్నే కావచ్చు. అది ఆయన చెబితే తప్ప మనకు తెలియదు.

మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది ముప్పై ఏళ్లుగా బయట జరుగుతున్న వాదనే. ‘అంత ప్రమాదకరమైన మనిషిని పట్టుకోవాలంటే ఇలాంటివి తప్పవు’ అని ఒక పక్షం. మీ నాన్న తోటివాళ్లు చాలామంది మనస్ఫూర్తిగా ఇదే నమ్ముతారు. నేను నమ్మను. చట్టం ఒప్పుకోదనే కాదు, అది పని చేయలేదు కూడా. 1993లో ఊళ్లమీద పడ్డారు. వీరప్పన్ మాత్రం 2000 జులై 30న గాజనూరు ఇంటి నుంచి కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను ఎత్తుకుపోయి 108 రోజులు అడవిలో ఉంచుకున్నాడు. 2002లో కర్ణాటక మాజీ మంత్రి నాగప్పను ఎత్తుకుపోతే, ఆయన శవమై దొరికారు. దెబ్బలు తిన్న ఊరు పోలీసులకు ఎందుకు కబురు చెబుతుంది? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు అయింది, ఎలుక మాత్రం తప్పించుకుంది.

చివరికి 2004 అక్టోబర్ 18 రాత్రి ధర్మపురి జిల్లా పాపారపట్టి దగ్గర జరిగినదానికి చిత్రహింసలు అక్కరకు రాలేదు. ముఠాతో పరిచయం పెంచుకున్న మనుషుల ద్వారా, కంటి వైద్యం చేయిస్తామని నమ్మించి, అంబులెన్సులో బయటికి రప్పించారు. అధికారి విజయకుమార్ నాయకత్వంలో నెలల తరబడి ఓపిగ్గా పన్నిన పథకం అది. ఆ రాత్రి మీదా వాదనలు ఉన్నాయి. లొంగిపొమ్మన్నాం, వాళ్లే ముందు కాల్చారు అని పోలీసులు అంటారు. అంబులెన్సులో ఉన్న నలుగురిని ప్రాణాలతో పట్టుకోలేరా, కోర్టులో నిలబెడితే అతనికి ఇన్నేళ్లు ఎవరెవరు అండగా ఉన్నారో బయటపడేది కదా అని హక్కుల సంఘాలు అడిగాయి. అది న్యాయమైన ప్రశ్నే అని నాకనిపిస్తుంది.

ఇక్కడ మన తెలుగువాడు ఒకాయన గురించి చెప్పకుండా ఉండలేను. పి. శ్రీనివాస్, రాజమండ్రిలో పుట్టిన అటవీ సర్వీసు (ఐఎఫ్‌ఎస్) అధికారి. వీరప్పన్ సొంత ఊరు గోపీనాథంలోనే మకాం పెట్టి, అక్కడివాళ్లకు మందులు ఇప్పించి, మారియమ్మ గుడి కట్టించి, ముఠాలోని కొందరిని లొంగిపోయేలా చేశారు. ఊరు నెమ్మదిగా ఆయన వైపు తిరిగింది. వీరప్పన్ లొంగిపోతాడని కబురు వస్తే నమ్మి, ఆయుధం లేకుండా వెళ్లారు. 1991 నవంబర్ 10న ఆయన్ను దారుణంగా చంపేశారు. ఆయనకు కీర్తిచక్ర వచ్చింది. ‘చూశావా, నమ్మితే ఏమైందో’ అని మీ నాన్న అనవచ్చు. ఆ మాటకు నా దగ్గర సులువైన జవాబు లేదు. ఒకటి మాత్రం తెలుసు. గోపీనాథంలో ఇప్పటికీ ఆయన్ను దేవుడిలా తలుచుకుంటారు. ఊళ్లు అంతగా నమ్మిన ఆ మనిషి చనిపోయిన రెండేళ్లకే, అవే ఊళ్లు ఖాకీ చొక్కా చూస్తే పారిపోయే పరిస్థితి వచ్చింది. ఆ రెండేళ్లలో పోగొట్టుకున్నదాన్ని తిరిగి సంపాదించడానికి ప్రభుత్వాలకు పదేళ్లు పట్టింది.

చనిపోయిన పోలీసుల కుటుంబాల పేరు చెప్పి ఈ దౌర్జన్యాలను సమర్థించేవాళ్లకు ఒక సంగతి గుర్తు చేయాలనిపిస్తుంది. రాజ్‌కుమార్‌ను విడిపించుకోవడానికి టాడా ఖైదీలను వదిలేయడానికి ప్రభుత్వాలు సిద్ధపడినప్పుడు, ఎస్సై షకీల్ అహ్మద్ తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్లి ఆపించారు. కొడుకును పోగొట్టుకున్న ఆ పెద్దాయన కోర్టునే నమ్ముకున్నారు. ఆయన కోపం న్యాయమైనది. అలాగే, ఏ తప్పూ చేయకుండా జైల్లో ఏళ్లు గడిపిన ఆడమనిషి కోపం కూడా న్యాయమైనదే. ఇందులో ఒకదాన్ని ఒప్పుకుంటే రెండోదాన్ని కాదన్నట్టు అవుతుందని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నట్టున్నారు. అలా ఏమీ లేదమ్మా.

2019 సంగతి రాశారు. దాచకుండా రాసినందుకు నాకు మీమీద గౌరవం పెరిగింది. డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని కాల్చారన్న వార్త రాగానే జనం పోలీసుల మీద పూలు చల్లారు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, వాళ్లను చంపే ఉద్దేశంతోనే కాల్చారని తేల్చింది. 2022లో ఆ నివేదిక బయటికి వచ్చినప్పుడు పూలు చల్లినవాళ్లలో ఎంతమంది చదివారో తెలియదు. నేను చెప్పదలచుకున్నది ఇదే: మీ నాన్న తరం పోలీసుల చేతికి ఆ లాఠీ ఊరికే రాలేదు. ‘ఏదో ఒకటి చేసి పట్టుకోండి, మేం అడగం’ అని పత్రికలూ మంత్రులూ మనలాంటి జనమూ అంటేనే వచ్చింది. ఈ సంగతి పాపకు మీరు చెప్పండి. తాతను నిలదీసే ముందు, ఆ రోజు అమ్మ కూడా సంతోషించిందని దానికి తెలియాలి.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వస్తాను.

పాప అడగడం తప్పు కాదు. అడిగిన చోటు తప్పు, అడిగిన తీరు తప్పు. అన్నం ముందు కూర్చున్న డెబ్బై నాలుగేళ్ల మనిషిని, అందరి ఎదుట, టీవీ ముందు అలా అడగకూడదు. కాబట్టి క్షమాపణ చెప్పాల్సి వస్తే పాప ఆ తీరుకు, ఆ వాచాత్తి పొరపాటుకు చెప్పాలి. ప్రశ్నకు చెప్పనక్కర్లేదు. ‘తాతా, నీ భోజనం చెడగొట్టాను, తెలియకుండా రెండు కేసులు కలిపేశాను, క్షమించు’ అంటే చాలు. ‘నువ్వే తప్పూ చేయలేదని తెలుసు’ అని మాత్రం దానిచేత అనిపించకండి. తెలియనిది తెలుసని చెప్పించకూడదు.

ఇల్లు గురించి దాని మాట మీకు బాగా గుచ్చుకుని ఉంటుంది. వీరప్పన్ చనిపోయాక ఎస్‌టీఎఫ్ వాళ్లకు నగదు, ఇంటి స్థలం, ప్రమోషన్ ఇచ్చారు. అడవిలో ఏళ్లు గడిపిన కానిస్టేబుల్‌కు స్థలం ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. కానీ పాప బాధలో కూడా అర్థం ఉంది. పదేళ్ల తర్వాత, 2014లో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ల మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఘటన జరిగిన వెంటనే ప్రమోషన్లు, సాహస అవార్డులు ఇవ్వకూడదని, ముందు స్వతంత్ర దర్యాప్తు జరగాలని చెప్పింది. దానికి క్లాసులో ఇదే పాఠం చెప్పి ఉంటారు. మీరు దానితో వాదించకండి. ఇల్లు అమ్మేయమని అడగడం లేదు కదా, కొన్నాళ్లు హాస్టల్‌లోనే ఉండనివ్వండి.

నాన్నను మీరు అడగాలా అంటే, అడగండి. కానీ ‘ఏం చేశావు’ అని మొదలుపెట్టకండి. ‘అక్కడ ఏం చూశావు నాన్నా’ అని అడగండి. మొదటి విడత గురించే అడగండి, ఎందుకంటే దౌర్జన్యాల ఆరోపణలు ఎక్కువగా ఆ సంవత్సరాలవే. ఇద్దరే ఉన్నప్పుడు, నడుస్తున్నప్పుడో బస్సులో పక్కపక్కన కూర్చున్నప్పుడో అయితే మేలు. ఎదురెదురుగా కూర్చుంటే అది విచారణ అయిపోతుంది, ఆయనకు విచారణలు బాగా తెలుసు. తోటి కానిస్టేబుళ్లలో ఎవరు చనిపోయారో ముందు చెప్పనివ్వండి. వాళ్ల పేర్లు చెప్పడానికే ఆయనకు ఒక రోజు పట్టవచ్చు.

అడిగే ముందు మీరు కూడా సిద్ధపడాలి. ఆయన మూడు రకాలుగా చెప్పవచ్చు. నేను ఆ క్యాంపులోకి అడుగే పెట్టలేదు అనవచ్చు, అది నిజమే కావచ్చు. ఎస్‌టీఎఫ్‌లో ఎంతోమంది అడవిలో నడిచి, మలేరియా తెచ్చుకుని, ఎవరినీ ముట్టుకోకుండా తిరిగొచ్చారు. చూశాను, ఆపలేకపోయాను అనవచ్చు. చేశాను అనవచ్చు. మూడోది విన్నాక కూడా ఆయన మీ నాన్నే. ఆ రాత్రికి మందులు మీరే ఇస్తారు, అన్నం మీరే పెడతారు. కానీ ‘పోనీలే నాన్నా, డ్యూటీ కదా’ అని మాత్రం అనకండి. సాక్షిగా కూడా ఆడవాళ్లను ఇల్లు దాటించి పోలీసులు పిలిపించుకోకూడదని ఆ రోజుల్లోని చట్టంలోనే రాసి ఉంది. క్యాంపులకు లాక్కెళ్లడం ఏ డ్యూటీలోనూ లేదు. డ్యూటీ అనే మాటతో మీరు మూత పెట్టేస్తే ఆయన మళ్లీ వరండాలోకే వెళ్తారు. విని ఊరుకోండి. ఆయన ఇంకా చెప్పాలనుకుంటే, ఎవరికి ఏం జరిగిందో ఆయనకు తెలిసినది ఒక బాధితురాలికి ఉపయోగపడేదైతే, ఒక మంచి లాయర్‌ను కలవమని చెప్పండి. అది ఆయన నిర్ణయం, తోయకండి.

నిద్ర సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. ముప్పై ఏళ్లుగా ఉలిక్కిపడి లేవడం వయసు వల్ల వచ్చేది కాదు. హోసూరులోనో బెంగళూరులోనో సైకియాట్రిస్టుకు చూపించండి. పోలీసాయన కాబట్టి ‘నాకేం పిచ్చా’ అంటారు. నిద్రకు మందు రాయించుకుందాం నాన్నా అని తీసుకెళ్లండి, మిగతాది డాక్టర్ అడుగుతారు.

మీరు వాళ్లిద్దరి మధ్య కబుర్లు మోయకండి. ‘తాత ఇలా అన్నాడు’, ‘పాప ఇలా అంది’ అని ఫోన్లో చెప్పడం ఇవాళే ఆపేయండి.

అక్టోబర్ 21 పోలీసు అమరవీరుల దినం. మీ నాన్న ఏటా ఆ పరేడ్‌కు వెళ్లే మనిషి అయితే, ఈసారి పాపను రమ్మని ఆయన చేతే ఫోన్ చేయించండి. అది వస్తే, ఆ స్తూపం దగ్గర నిలబడి ఆయన స్నేహితుల పేర్లు వింటుంది. తిరిగి వచ్చేటప్పుడు అది మళ్లీ అదే ప్రశ్న అడగవచ్చు. అప్పుడు మీరు వాళ్లతో ఉండకండి, ఇద్దరినీ బస్సులో వదిలేసి మీరు వెనక బస్సులో రండి.